రాయి ఎక్కే చేయి, లయ వేసే చేయి

కౌమారంలో ఉన్న పిల్లలకు ఒక అభిరుచి ఉంటే ఇంట్లో మెచ్చుకుంటారు, రెండు ఉంటే చదువు ఏమవుతుందోనని బెంగపడతారు. ఆ రెండింటిలో ఒకటి ఎత్తుల మీదిదీ మరొకటి ఇల్లంతా దద్దరిల్లించేదీ అయితే ఆ బెంగ నిషేధంగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. బండరాళ్లనూ కృత్రిమంగా కట్టిన గోడలనూ చేతులతో, కాళ్లతో ఎక్కే క్రీడ అయిన క్లైంబింగ్, డప్పు మొదలుకొని డ్రమ్ సెట్ దాకా ఏదో ఒక లయవాద్యం మీద చేసే సాధన, ఈ రెండూ ఒకే పిల్లకో పిల్లవాడికో ఒకేసారి పట్టుకున్న ఇళ్లలో సాధారణంగా వినిపించే ప్రశ్న: రెండింటిలో ఏది మానాలి? నిజానికి అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. రెండు సాధనల బరువూ ఒకే చేతి మీద పడుతున్నప్పుడు ఆ చేతిని ఎలా కాపాడుకోవాలి?

గోదావరి ఒడ్డున ఉన్న నాందేడ్‌లో ఈ చర్చ మరింత పదునుగా సాగుతుంది. వైద్య, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షల కోచింగ్‌కు పేరుపడిన పట్టణం కావడంతో అక్కడి పిల్లల సాయంత్రాలు ట్యూషన్లకే సరిపోతాయి. అయితే ఈ ఊరి స్థానంలో ఒక వీలు కూడా ఉన్నది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి, తర్వాత బొంబాయి రాష్ట్రంలోకీ, 1960 మే 1న మహారాష్ట్రలోకీ వచ్చిన ఈ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలకు ఒక పక్క మరాఠీ డోలు, హల్గీ, సంబళ్, మరొక పక్క తెలంగాణ గ్రానైటు గుట్టలు అందుబాటులో ఉన్నాయి. అందువల్ల ఇక్కడి పిల్లలకు కొరత అవకాశాలలో లేదు, వాటిని ఒక క్రమంలో పెట్టుకోవడంలో ఉన్నది.

ముందుగా శరీరం సంగతి తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే ఈ రెండు అభిరుచుల మధ్య అసలు ముడి అక్కడే పడుతుంది. రాతి అంచును వేళ్లు పట్టుకున్నట్టు కనిపిస్తుంది గాని వేళ్లలో చెప్పుకోదగిన కండరాలు లేవు. మోచేతికీ మణికట్టుకూ మధ్యనున్న ముంజేతి కండరాలు, టెండన్లు అనే గట్టి నారల ద్వారా వేళ్లను లోపలికి లాగుతాయి. డ్రమ్ వాయించేటప్పుడు పుల్లను పట్టుకునేవీ దించేవీ ఆ కండరాలే, పైకెత్తేవి ముంజేతికి అవతలి పక్కనున్న వాటి జోడు కండరాలు. అంటే గోడ మీద గంటసేపు వేలాడిన ముంజేయి సాయంత్రం పుల్లలు పట్టుకున్నప్పుడు కొత్తగా పని మొదలుపెట్టడం లేదు, అప్పటికే సగం అలసిపోయి ఉన్నది. క్లైంబింగ్ చేసేవాళ్లు పంప్ అని పిలిచే స్థితి, అంటే ముంజేయి రక్తంతో ఉబ్బి, రాయిలా గట్టిపడి, పిడికిలి సరిగా మూయడానికీ విప్పడానికీ రాకుండా పోవడం, వేగంగా డోలు కొట్టేవాళ్లకూ వేరే పేరుతో పరిచయమే. ఇక్కడ పెద్దలు గమనించవలసినది ఇంకొకటి ఉన్నది. రెండు సాధనలకూ ఇద్దరు గురువులు ఉంటారు, ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ ఇంకొంచెం చేయమనే ప్రోత్సహిస్తారు. నిన్న రాత్రి ఆ చేయి ఏం చేసిందో మాత్రం ఇద్దరికీ తెలియదు.

1. ఊళ్లో ఉన్నదానితో మొదలుపెట్టాలి

క్లైంబింగ్ అనగానే పిల్లలు రంగురంగుల పట్టులు బిగించిన ఎత్తయిన గోడను ఊహించుకుంటారు, అది దగ్గరలో లేకపోతే నిరాశపడతారు. మహారాష్ట్రలో ఆ నిరాశకు కారణం లేదు. రెండో బాజీరావు పీష్వా కాలంలో బాళంభట్ట దాదా దేవధర్ పునరుద్ధరించిన మల్లఖంబ్ అనే వ్యాయామం, అంటే నిలువుగా పాతిన కొయ్య స్తంభం మీద లేదా వేలాడే తాడు మీద శరీరాన్ని తిప్పుతూ చేసే విన్యాసం, ఈ రాష్ట్రపు వ్యాయామశాలల్లో, బడుల్లో బతికే ఉన్నది. తాడు మల్లఖంబ్‌ను అమ్మాయిలు ఎక్కువగా చేస్తారు. రెండు నెలలు మల్లఖంబ్ చేసిన పిల్లకు, శరీరపు బరువును చేతుల నుంచి కాళ్లకు మళ్లించడం ఎవరూ మళ్లీ చెప్పనవసరం లేదు. క్లైంబింగ్‌లో మొదటి పాఠమూ అదే.

రాయి విషయానికి వస్తే, నాందేడ్ జిల్లాలో ఎక్కువ భాగాన్ని కప్పి ఉన్నది దక్కను లావా చల్లారి ఏర్పడిన నల్లని బసాల్టు. చూడడానికి మెట్లు మెట్లుగా ఉండి సులువుగా ఎక్కవచ్చుననిపించినా, పగుళ్ల వెంట పెచ్చులుగా ఊడివచ్చే గుణం దానికి ఉన్నది, వానాకాలంలో దాని మీద పాకుడు పడుతుంది, ఎండాకాలంలో పొద్దెక్కకముందే చేయి పెట్టలేనంత కాగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు గ్రానైటు మేలు: గట్టిగా ఉంటుంది, గరుకుగా ఉంటుంది, బూటు అడుగుభాగం దాని మీద నిలుస్తుంది. గ్రానైటు కోసం ఎంతో దూరం పోనక్కరలేదు. ధర్మాబాద్‌లో రైలెక్కితే బాసర, ఆపైన నిజామాబాద్. అక్కడి నుంచి హైదరాబాద్ మీదుగా వెళితే భువనగిరి, ఆ ఊరికి గుర్తయిన ఏకశిల, దాని ఒడిలో నడిచే రాక్ క్లైంబింగ్ శిక్షణ.

ఈ తోవలోనే చెప్పవలసిన పేరు మాలావత్ పూర్ణ. నాందేడ్‌కు పొరుగునున్న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు వ్యవసాయ కూలీల కుమార్తె అయిన పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతూ, 2014 మే 25న ఖమ్మం ప్రాంతపు విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. 2022 జూన్‌లో ఉత్తర అమెరికాలోని డెనాలి శిఖరంతో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలన్నీ పూర్తిచేసింది. ఈ కథ విన్న పిల్లలు ఎవరెస్టును గుర్తుపెట్టుకుంటారు. గుర్తుపెట్టుకోవలసినది భువనగిరిని. పూర్ణ మొదట తాడు కట్టుకున్నది శిక్షకుడు శేఖర్ బాబు బాచినేపల్లి చూస్తుండగా ఆ బండ మీద. అక్కడ నిలదొక్కుకున్నాకే డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఆ తర్వాత లడఖ్ చలి, ఆ తర్వాతనే మంచుకొండ. దేన్నీ దాటవేయలేదు, ఎక్కడా ఒంటరిగా వెళ్లలేదు. తమ బిడ్డ కూడా అంతటిది కావాలని కోరుకునే తల్లిదండ్రులు ముందుగా అలాంటి వరుసను అమర్చిపెట్టగలరా అని ఆలోచించాలి.

లయవాద్యాల విషయంలో నాందేడ్ ఇంకా సంపన్నం. జిల్లాలోని మాహూర్ రేణుకాదేవి క్షేత్రం చుట్టూ అల్లుకున్న, గోంధళీలనే జానపద గాయకుల సంప్రదాయంలో సంబళ్ అనే జంట వాద్యాన్ని నడుముకు కట్టుకొని పుల్లలతో వాయిస్తారు. హజూర్ సాహిబ్ గురుద్వారాలో కీర్తనకు తబలా ఉన్నది, ఊరేగింపుకు నగారా ఉన్నది. గణేశ్ ఉత్సవాలకు డోల్ తాషా బృందాలు ఉన్నాయి. మరాఠీ హల్గీ చూస్తే తెలుగు పిల్లలకు వెంటనే డప్పు గుర్తొస్తుంది. మంట దగ్గర కాచి బిగువు తెచ్చిన డప్పును ఎడమ భుజానికి వేసుకొని, కుడిచేతి చిర్రతో మధ్యలోనూ ఎడమచేతి చిటికెన పుల్లతో అంచు దగ్గరా వాయించే తాతలు ఊళ్లో ఉంటే, ఖరీదైన డ్రమ్ సెట్ కొనేముందు ఆ తాతల దగ్గర కూర్చోవడం తెలివైన పని. ఏ వాద్యం ఎంచుకోవాలి? రాయి ఎక్కే పిల్లలకు పుల్లలతో వాయించేవి కొంత అనుకూలం, ఎందుకంటే తబలా, మృదంగం వేళ్ల కొసల మీద ఆధారపడతాయి, గ్రానైటు మొదట అరగదీసేది ఆ కొసల చర్మాన్నే. తబలా మీదే మనసుంటే రాయి ఎక్కిన మరునాడు తబలా ముట్టకుండా ఉంటే సరిపోతుంది. ఆడపిల్లకు ఈ డోళ్లెందుకని ఎవరైనా అడిగితే, మృదంగ విద్వాంసురాలు దండమూడి సుమతీ రామమోహనరావుకు 2021లో పద్మశ్రీ వచ్చిందని చెప్పవచ్చు.

2. పట్టును తగ్గించడం నేర్చుకోవాలి

ఈ అధ్యాయంలో ఒక్క సలహా మాత్రమే పాటించగలిగే పాఠకులు దీన్ని పాటించాలి. క్లైంబింగ్‌లోనూ వాద్యంలోనూ కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్కటే: అవసరానికి మించి గట్టిగా పట్టుకోవడం. రాయి మీద భయం వేలిని బిగిస్తుంది, డోలు మీద వేగం బిగిస్తుంది. ఫలితం మాత్రం ఒకటే, ముంజేయి త్వరగా చచ్చుబడుతుంది. పిల్లలు దాన్ని బలం తక్కువై వచ్చిన సమస్య అనుకొని బలం పెంచే వ్యాయామాలకు పరుగెత్తుతారు. అదే బిగింపుతో బలం పెరిగితే ఏమవుతుంది? అవసరంలేని చోట ఖర్చయ్యే బలం ఇంకా పెరుగుతుంది, అంతే.

వాద్యం దగ్గర ఈ అలవాటును మార్చుకోవడం తేలిక, అందుకే అక్కడ మొదలుపెట్టాలి. ఒక పలక మీద రబ్బరు అతికించిన ప్రాక్టీస్ ప్యాడ్ చాలు. పుల్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలిపి మిగతా మూడు వేళ్లను ఊరికే ఆనించి ఉంచాలి. దెబ్బ వేసిన తర్వాత పుల్ల తనంతట తాను పైకి లేస్తుంది. ఆ లేవడాన్ని ఆపకుండా ఉండటమే విద్య. పిడికిలి బిగిస్తే పుల్ల ప్యాడ్‌కు అంటుకుపోతుంది, ప్రతి దెబ్బకూ మణికట్టు దాన్ని మోసుకొని పైకి తీయవలసి వస్తుంది, రబ్బరు చేసిపెట్టే సగం పనిని చేయే చేయవలసి వస్తుంది. సరిగా పట్టుకున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉన్నది: వాయిస్తున్నప్పుడు తమ్ముడో చెల్లెలో వెనక నుంచి పుల్లను లాగితే అది పెద్దగా పెనుగులాడకుండా చేతిలోంచి వచ్చేయాలి.

ఇక వరుస. నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కగా వినిపించే మెట్రోనోమ్‌ను 60 దగ్గర పెట్టి, తకధిమి అని నోటితో పలుకుతూ ఒక్కో అక్షరానికి ఒక దెబ్బ చొప్పున కుడి, ఎడమ, కుడి, ఎడమ వేయాలి. అది కుదిరాక కుడి రెండు, ఎడమ రెండు. ఆ తర్వాత పారడిడిల్ అనే వరుస, అంటే కుడి ఎడమ కుడి కుడి, వెంటనే ఎడమ కుడి ఎడమ ఎడమ. రెండు నిమిషాలపాటు దవడ, భుజాలు బిగియకుండా ఒక వేగంలో వాయించగలిగినప్పుడే మెట్రోనోమ్‌ను ఐదు దెబ్బలు పెంచాలి. దవడ సంగతి ఎందుకని అడగవచ్చు. చేయి బిగుసుకుంటున్న సంగతి వాయించేవాళ్లకు చేతిలో కన్నా ముందు దవడలో తెలుస్తుంది కాబట్టి.

ఇదే పాఠాన్ని రాయి మీదికి తీసుకెళ్లాలి. నేలకు అడుగో అడుగున్నరో ఎత్తులో, పడినా దెబ్బ తగలని చోట, పైకి పోకుండా అడ్డంగా మాత్రమే కదులుతూ సాధన చేయాలి. ఒక పట్టును పట్టుకొని, వేళ్లను కొద్దికొద్దిగా వదులు చేస్తూ, జారబోతున్నాయనిపించే చోట ఆపి, అక్కడి నుంచి ఒక పిసరు మాత్రమే బిగించాలి. ఆ పట్టుకు కావలసిన బలం అంతే, మిగతాదంతా భయం ఖర్చుపెడుతున్నది. మోచేతులు మడిచి రాయిని కావలించుకున్నట్టు వేలాడే పిల్లలు నిమిషంలో అలసిపోతారు, చేతులు చాచి వేలాడేవాళ్ల బరువును ఎముకలు మోస్తాయి. కాలి బొటనవేలి వైపు అంచును రాతి మీద నిలిపి కాలితో పైకి నెట్టాలి, చేయి ఉన్నది పడిపోకుండా ఉండటానికే. కష్టమైన చోటుకు రాగానే ఊపిరి బిగబట్టడం అందరికీ అలవాటు. తకధిమి అలవాటైన పిల్లలకు ఇక్కడ ఒక మేలు ఉన్నది: నాలుగు అక్షరాలకు ఊపిరి వదులుతూ, తర్వాతి నాలుగింటికి కదిలితే బిగింపు దానంతట అదే తగ్గుతుంది.

రాయి ఎక్కడానికీ లయకూ ఉన్న బంధుత్వం ఊహ కాదని చూపే పోటీ కూడా ఒకటి ఉన్నది. స్పీడ్ క్లైంబింగ్‌లో 15 మీటర్ల గోడ మీద పట్టుల అమరిక ప్రపంచమంతటా ఒకేలా ఉంటుంది, క్రీడాకారులు ఆ వరుసను జతి నేర్చినట్టు వంటబట్టించుకొని కొన్ని సెకన్లలో పైకి చేరతారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌తో క్లైంబింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది, 2024 పారిస్‌లో స్పీడ్ విభాగానికి విడిగా పతకాలు ఇచ్చారు.

3. రెండింటికీ కలిపి ఒకే వారపు పట్టిక వేయాలి

నాందేడ్‌లో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిని ఊహించవచ్చు. శనివారం సాయంత్రం డోల్ తాషా బృందంతో రెండు గంటలు వాయిస్తుంది, ఆదివారం పొద్దున్నే శిక్షకుడితో బండ దగ్గరికి వెళుతుంది. మొదటి రెండుసార్లు బాగానే ఎక్కుతుంది, మూడోసారి సగంలో వేళ్లు విడిపోతాయి. తనకు బలం చాలదనుకొని సోమవారం నుంచి ఇంటి గుమ్మానికి కట్టిన కమ్మీ పట్టుకొని పుల్‌అప్‌లు మొదలుపెడుతుంది. నెల తిరిగేసరికి మోచేతి లోపలి పక్క నొప్పి. ఈ అమ్మాయి సోమరి కాదు, అజాగ్రత్తపరురాలు కూడా కాదు. శనివారాన్నీ ఆదివారాన్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

పట్టిక వేసేటప్పుడు క్లైంబింగ్‌ను వారానికి రెండు రోజులకు పరిమితం చేసి, ఆ రెండు రోజుల మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉంచాలి. వాద్యానికి రోజూ కొద్దిసేపు చొప్పున నాలుగైదు రోజులు ఇవ్వవచ్చు, ఎందుకంటే లయ రోజుకు ఇరవై నిమిషాల సాధనతో నిలుస్తుంది, ఆదివారం నాడు ఒకేసారి చేసే మూడు గంటలతో నిలవదు. రెండూ ఒకే రోజు పడితే వాద్యం ముందు, రాయి తర్వాత. సున్నితమైన అదుపు కావలసిన పనికి తాజా చేయి కావాలి, పైగా నెమ్మదిగా చేసిన ప్యాడ్ సాధన మణికట్టును వేడెక్కించి రాయికి సిద్ధం చేస్తుంది. దీన్ని తలకిందులు చేస్తే అలసిన చేయి తప్పుడు పట్టును అలవాటు చేసుకుంటుంది. గణేశ్ ఉత్సవాలకు ముందు వారాల్లో డోలు సాధన రోజూ ఉంటుంది, నడుముకు కట్టిన డోలు బరువు వెన్నుకు అదనం. ఆ రోజుల్లో క్లైంబింగ్‌ను మానేయాలనేమీ లేదు. వేళ్లకు పని తక్కువగా, కాళ్లకూ తూకానికీ పని ఎక్కువగా ఉండే వాలు బండల మీద తేలికగా సాగిస్తే చాలు.

4. వేలి నొప్పిని ఓర్చుకోకూడదు

ఎదిగే వయసులో ఎముకల కొసల దగ్గర గ్రోత్ ప్లేట్ అనే మెత్తని భాగం ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడే. పెద్దవాళ్లలో విపరీతమైన భారం పడితే వేలి టెండన్‌ను ఎముకకు ఆనించి ఉంచే పట్టీలు ముందుగా దెబ్బతింటాయి. పిల్లల్లో చాలాసార్లు ఈ మెత్తని భాగమే చిట్లుతుంది. అందుకే, ఒక్కసారిగా ఎత్తు పెరుగుతున్న పిల్లల్లో నడిమి వేలి లేదా ఉంగరపు వేలి మధ్య కణుపు మీద, వెనక వైపు, నొక్కితే నొప్పి ఉండి అది వారం దాటినా తగ్గకపోతే, దాన్ని బెణుకు అనుకొని నూనె రాస్తూ కూర్చోకుండా ఎముకల వైద్యుడికి చూపి ఎక్స్‌రే తీయించాలి. నయమయ్యేదాకా రాయి బంద్. ఈ విశ్రాంతిని పిల్లలు ఓటమిగా తీసుకోకుండా చూడవలసిన బాధ్యత పెద్దలది.

నివారణ ఇంకా సులువు. వేళ్లను మధ్య కణుపు దగ్గర నిలువుగా మడిచి వాటి మీద బొటనవేలు బిగించే క్రింప్ అనే పట్టును వీలైనంత తక్కువగా వాడి, అరచేయి తెరిచి పట్టుకోవడాన్ని అలవాటు చేసుకోవాలి. కాళ్లు గాలిలో ఉంచి చేతులతో మాత్రమే ఒక కర్ర నుంచి మరొక కర్రకు ఎగిరే క్యాంపస్ బోర్డు వ్యాయామాన్ని పదహారు దాటేదాకా ముట్టకూడదు. వీడియోలు చూసి పిల్లలు మొదట చేయాలనుకునేది సరిగ్గా అదే కాబట్టి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

5. కాలు నేల విడవకముందే చూడవలసినవి

తాడు కట్టి ఎక్కేటప్పుడు కింద నిలబడి ఆ తాడును అదుపులో ఉంచే వ్యక్తిని బిలేయర్ అంటారు. ఎక్కేవాళ్లూ బిలేయర్ ఒకరినొకరు తడిమి చూసుకోవాలి: నడుముకు కట్టిన హార్నెస్ బకిల్ సరిగా పడిందా, ఎనిమిది అంకె ఆకారంలో వేసిన ముడి పూర్తిగా బిగిసిందా, కొక్కెంలాంటి కారబైనర్‌కు తాళం తిప్పారా, తాడు బిలే పరికరంలోంచి సరైన వైపు నడుస్తున్నదా, తల మీద హెల్మెట్ ఉన్నదా. చూడడం చాలదు, చేత్తో ముట్టి పైకి పలకాలి. అనుభవజ్ఞులు కూడా ముడి సగంలో మరిచిపోయి ఎక్కిన సందర్భాలు ఈ క్రీడలో ఉన్నాయి. అవి జరిగినవి తెలియకపోవడం వల్ల కాదు, మాటల్లో పడటం వల్ల.

కోటల గోడలు క్లైంబింగ్‌కు కావు. కంధార్‌లోనూ మాహూర్‌లోనూ ఉన్న కోటల రాళ్లు చూసి పిల్లల చేతులు దురదపెట్టడం సహజమే, కానీ ఆ గోడల రాళ్లు ఊడివస్తాయి, రక్షిత కట్టడాలకు హాని చేయడం చట్టరీత్యా నేరం, అన్నిటికీ మించి అవి ఈ నేల చరిత్ర. ఇక కొండచరియల కింద వేలాడే పెద్ద తేనెపట్టులు కనిపిస్తే ఆ రోజుకు అక్కడ ఎక్కడం విరమించుకోవాలి. కేకలు, పొగ, ఘాటైన అత్తరు ఆ తేనెటీగలను రేపుతాయి, తాడు మీద ఉన్నవాళ్లకు పారిపోయే దారి ఉండదు. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ప్రాంతం కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున పూట, ఈ సాధనకు అనువైన కాలం.

6. చెవులనూ పొరుగువారినీ లెక్కలోకి తీసుకోవాలి

85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు ఎనిమిది గంటల దాకా చెవి తట్టుకుంటుందనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుందనీ వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెల్స్ వద్ద మిగిలేది పావుగంట. చిన్న గదిలో డ్రమ్ సెట్, వీధిలో డోల్ తాషా ఈ హద్దును తేలిగ్గా దాటుతాయి. చెవిలో పెట్టుకునే ఇయర్ ప్లగ్‌లు పిరికితనానికి గుర్తు కావు; పోయిన వినికిడి తిరిగి రాదు, వినికిడి లేనివాళ్లకు లయ ఎలా నిలుస్తుంది? వాయించిన తర్వాత చెవిలో గుయ్యిమనే శబ్దం మిగిలితే అది ఆ రోజు మితిమీరిందని చెవి చేస్తున్న హెచ్చరిక.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు, రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. చట్టం కన్నా ముందు పక్కింటివాళ్లతో ఒక మాట చెప్పుకోవడం మంచిది. ఫలానా రోజుల్లో ఫలానా వేళ అరగంట చప్పుడు ఉంటుందని, వాళ్లింట్లో పరీక్షలో జబ్బో ఉంటే ఆపుతామని పిల్లలే స్వయంగా వెళ్లి చెబితే, రేపు వినాయకుడి ఊరేగింపులో ముందు నిలబడి వినేది ఆ పొరుగువారే. మిగతా రోజుల్లో ప్యాడ్ ఉన్నది, దాని చప్పుడు పక్క గదికి కూడా పోదు.

7. పరీక్షల ఏడాదిలో మానకూడదు, తగ్గించాలి

"పది అయ్యేదాంక గుట్టలు, డోళ్లు అన్నీ బంద్" అని తండ్రి అనడమూ, పిల్ల అలిగి గదిలోకి పోవడమూ ఈ ప్రాంతపు తెలుగిళ్లలో ఊహించడానికి కష్టం కాని సన్నివేశం. పిల్ల అలగకుండా "బంద్ వద్దు బాపూ, తక్కువ చేస్త. ఆదివారం పొద్దుగాల రెండు గంటలు గుట్ట, దినాం పావుగంట ప్యాడ్. యూనిట్ టెస్టుల మార్కులు తగ్గితే నువ్వే ఆపు" అనగలిగితే ఆ సంభాషణ వేరే దారి పడుతుంది. అడిగింది కొలతతో ఉన్నది, ఎప్పుడు ఆపాలో షరతు కూడా అందులోనే ఉన్నది. అలాంటి మాటను కాదనడం ఏ తండ్రికైనా కష్టం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగే బోర్డు పరీక్షలకు నెల ముందు రాయిని పూర్తిగా ఆపవచ్చు, ఎందుకంటే ఆ సమయంలో చేతికి దెబ్బ తగిలితే రాసే చేయి పోతుంది. ప్యాడ్‌ను మాత్రం ఉంచాలి. గంటల తరబడి కూర్చొని చదివే పిల్లలకు ఆ పావుగంట అవసరం.

8. ఖర్చు గురించి ఒక మాట

ప్రాక్టీస్ ప్యాడ్, ఒక జత పుల్లలు, కాలికి సరిపోయిన బూట్లు సొంతంగా కొనుక్కుంటే చాలు. తాడు, హార్నెస్, కారబైనర్లు శిక్షణ ఇచ్చేవాళ్ల దగ్గరివే వాడాలి, వాటిని పాతవి కొనడం గాని అరువు తేవడం గాని వద్దు. పడేవాళ్లను ఎన్నిసార్లు ఆపిందో తెలియని తాడును నమ్మకూడదు.

ఈ అధ్యాయం చదివిన తల్లిదండ్రులు వచ్చే ఆదివారం పిల్లతో కలిసి కూర్చొని, ఒక కాగితం మీద ఏడు రోజులూ గీసి, రాయికి ఏ రోజు, వాద్యానికి ఏ వేళ, విశ్రాంతికి ఏ రోజు అన్నది పిల్ల చేతనే రాయించాలి. తర్వాత దానికి రెండు నకళ్లు తీయించి, ఒకటి క్లైంబింగ్ నేర్పే శిక్షకుడికీ మరొకటి వాద్యం నేర్పే గురువుకూ తామే స్వయంగా అందించాలి.